నిర్వహణ మూసలకు పేర్లు: తెలుగు విక్షనరీపై ఒక విమర్శ

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• సమష్టిగా రాసే ఆన్‌లైన్ నిఘంటువులో నిర్వహణ మూస అంటే ఏమిటో, అది ఎలా పనిచేస్తుందో వివరించగలరు.
• విజ్ఞాన సర్వస్వానికీ నిఘంటువుకూ ఒకే రకం మూసలు ఎందుకు సరిపోవో చెప్పగలరు.
• మూస పేరులో దాగి ఉండే తీర్పును గుర్తించి, దాన్ని రాయలసీమ పదాల విషయంలో చర్చించగలరు.
• మంచి పేరుకూ మంచి నిర్వహణకూ ఉండవలసిన లక్షణాలను అంచనా వేయగలరు.

14.1 పరిచయం

నిఘంటు విమర్శ అనగానే మనకు కొన్ని ప్రశ్నలు అలవాటుగా తోస్తాయి. ఆరోపాలను, అంటే అర్థం చెప్పడానికి ఎత్తుకున్న మాటలను, ఏ క్రమంలో అమర్చారు? అర్థాలు సరిగా ఉన్నాయా? ప్రయోగాలు ఎక్కడి నుంచి తెచ్చారు? అచ్చు నిఘంటువుకు ఈ ప్రశ్నలు చాలు. ఎందుకంటే అది మన చేతికి వచ్చేసరికి పని ముగిసి ఉంటుంది. కూర్చినవారి సందేహాలు, కొట్టివేతలు, వాదోపవాదాలు అన్నీ చిత్తుప్రతుల్లోనే ఉండిపోతాయి.

విక్షనరీ అలాంటిది కాదు. వికీపీడియాకు సోదర ప్రాజెక్టుగా 2002 డిసెంబరులో ఇంగ్లీషులో మొదలైన ఈ నిఘంటువు తరవాత అనేక భాషల్లోకి వచ్చింది. తెలుగు విక్షనరీలో ఇప్పుడు లక్షకు పైగా పుటలున్నాయి. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ఇక్కడ చిత్తుప్రతే అచ్చుప్రతి. అందువల్ల కూర్పరుల సందేహాలు కూడా పాఠకుడి కళ్ళ ముందే ఉంటాయి. ఆ సందేహాలను పుట నెత్తిన అతికించే చీటీలే నిర్వహణ మూసలు.

ఈ చీటీల మీద ఏ మాట రాయాలి అన్నది చిన్న సంగతిగా కనిపిస్తుంది. అది చిన్న సంగతి కాదని, ఏ మాట నిఘంటువులో నిలుస్తుందో ఏది పోతుందో కొంతవరకు ఆ చీటీ పేరే నిర్ణయిస్తుందని ఈ వ్యాసం వాదిస్తుంది. ఉదాహరణలు ఎక్కువగా కర్నూలు, కడప ప్రాంతాల నుంచి తీసుకున్నాం. అచ్చులోకి తక్కువగా ఎక్కిన మాటలు ఎక్కువగా ఉన్న చోటే ఈ సమస్య స్పష్టంగా కనబడుతుంది.

14.2 మూస: మాట, పని

‘మూస’ అంటే లోహాన్ని కరిగించే పాత్ర, పోత పోసే అచ్చు. ఒకే తీరుగా ఉన్నవాటిని ‘మూసపోసినట్టు ఉన్నాయి’ అంటాం. వికీ ప్రాజెక్టుల్లో తెలుగువారు ఈ కంసాలి మాటను ఎంచుకోవడం మంచి ఎంపిక. కొత్త పనికి పాత మాటే సరిపోయింది, అర్థం కోసం ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు.

పనితీరు ఇలా ఉంటుంది. ఒక పాఠాన్ని విడిగా ఒక పుటలో రాసి దానికి పేరు పెడతారు. ఆ పేరును జంట మీసాల బ్రాకెట్ల మధ్య ఏ పుటలో రాస్తే ఆ పుటలో ఆ పాఠం ప్రత్యక్షమవుతుంది. ఇందులో మూడు సంగతులు గమనించాలి.

మొదటిది, మూసలో ఒక్క మాట మారిస్తే దాన్ని వాడిన పుటలన్నిటిలోనూ మారుతుంది. వెయ్యి పుటల్లో ఉన్న మూసను దిద్దడం వెయ్యి పుటలను ఒకేసారి దిద్దడంతో సమానం.

రెండోది, నిర్వహణ మూస తాను ఉన్న పుటను ఒక వర్గంలోకి చేరుస్తుంది. ‘వ్యుత్పత్తి లేని పదాలు’ అనే వర్గం తెరిస్తే ఆ లోటు ఉన్న పుటలన్నీ జాబితాగా వస్తాయి. అంటే మూస పాఠకుడికి హెచ్చరిక, పనిచేసేవాడికి పనుల పట్టీ.

మూడోది, మూసకు ‘దారిమార్పు’ పెట్టవచ్చు. పాత పేరు రాసినా, పొరపాటు పేరు రాసినా సరైన మూసకే చేరేలా ఏర్పాటు చేయవచ్చు.

ఈ మూడు గుణాల వల్లే మూసల పేర్లు విమర్శకు తగిన వస్తువు అవుతున్నాయి. పేరు బాగుంటే పని తెలుస్తుంది. పేరు తప్పుదారి పట్టిస్తే ఆ తప్పు వేల పుటల మీద ఒక్కసారిగా పడుతుంది.

14.3 విజ్ఞాన సర్వస్వం నుంచి అరువు తెచ్చిన పేర్లు

తెలుగులో వికీ పనికి అలవాటుపడినవారిలో ఎక్కువమంది వికీపీడియా దారిన వచ్చినవారే. అక్కడ వాడుకలో ఉన్న ‘మొలక’, ‘విలీనం’, ‘శుద్ధి’, ‘తొలగించు’ వంటి మాటలు వారి నోట్లో నానినవి. నిఘంటువు పనిలోకి వచ్చినప్పుడు అవే మాటలు వెంట వస్తాయి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

‘మొలక’ను తీసుకోండి. విజ్ఞాన సర్వస్వంలో మూడు వాక్యాల వ్యాసం అసంపూర్ణమే. అది పెరగాలి, అందుకే మొలక అన్న పేరు అందంగా సరిపోయింది. నిఘంటువులో పుట చిన్నదైనంత మాత్రాన అసంపూర్ణం కాదు. ‘జడ్డిగం’ అనే మాటకు ‘గొర్రుకు అమర్చి విత్తనాలు పోసే గిన్నె’ అని ఒక వాక్యం అర్థం, ఒక ప్రయోగం, ఏ ప్రాంతంలో వాడతారన్న సూచన ఉంటే ఆ పుట దాదాపు పూర్తయినట్టే. దానికి ‘మొలక’ చీటీ అతికిస్తే, రాసిన రైతుబిడ్డకు ఇంకేం రాయాలో తెలియదు. మరోవైపు అరపేజీ పొడవున్న పుటలో ప్రయోగం ఒక్కటీ లేకపోవచ్చు. పొడవును చూసి దాన్ని ఎవరూ మొలక అనరు. నిఘంటువులో లోటును కొలిచేది పొడవు కాదు, అంగాలు. అందువల్ల పేరు కూడా అంగాన్ని చెప్పాలి. ఇంగ్లీషు విక్షనరీ ఈ పని చేసింది. నిర్వచనం కావాలంటే ఒక మూస, వ్యుత్పత్తి కావాలంటే ఒకటి, ఉచ్చారణ కావాలంటే ఇంకొకటి, మాట నిజంగా వాడుకలో ఉందో లేదో తేల్చాలంటే వేరొకటి. ఆ పేర్లు పొడి అక్షరాలే, ఆర్ఎఫ్‌వి, ఆర్ఎఫ్‌సి, ఆర్ఎఫ్‌డి లాంటివి. కొత్తవారికి అవి కొరుకుడుపడవు. కాని ఆ విభజన మాత్రం సరైనది.

‘విలీనం’ ఇంకా ప్రమాదకరమైనది. విజ్ఞాన సర్వస్వంలో పుట ఒక వస్తువుకు చెందుతుంది. అందువల్ల ఒకే వస్తువు మీద రెండు వ్యాసాలుంటే కలపాలి. నిఘంటువులో పుట ఒక మాటకు చెందుతుంది. కర్నూలు పల్లెల్లో ‘బుడ్డలు’ అంటారు, కడప వైపు ‘శెనక్కాయలు’ అంటారు, కోస్తాలో ‘వేరుశెనగ’ అంటారు, తెలంగాణలో ‘పల్లీలు’ అంటారు. వస్తువు ఒకటే, మాటలు నాలుగు. నాలుగింటికీ నాలుగు పుటలు ఉండాలి, ఒకదాన్నుంచి ఒకదానికి లంకె ఉండాలి. వికీపీడియా అలవాటుతో ఎవరైనా వీటికి ‘విలీనం’ మూస పెట్టి ‘వేరుశెనగ’లో కలిపేస్తే, మిగిలిన మూడు మాటలు దారిమార్పులుగా మిగులుతాయి. వాటి వ్యుత్పత్తి, వాటి ప్రయోగాలు, వాటి చుట్టూ అల్లుకున్న సామెతలు చెప్పుకోవడానికి చోటే ఉండదు. మాటను నిలబెట్టవలసిన నిఘంటువు దాన్ని చెరిపేసినట్టవుతుంది. ‘బొరుగులు’, ‘మరమరాలు’ విషయమూ అంతే. అందువల్ల నిఘంటువులో ‘విలీనం’ అనే మూస ఒకే మాటకు రెండు వర్ణక్రమాలుండి రెండు పుటలు ఏర్పడినప్పుడు మాత్రమే పనికివస్తుంది. అప్పుడు కూడా ‘వర్ణక్రమ భేదం’ అన్న పేరే అసలు సంగతి చెబుతుంది.

పేరు లేని నిర్వహణ మూస కూడా ఒకటుంది. తెలుగు విక్షనరీలో చాలా పుటలు ఒకే చట్రంలో ఉంటాయి: వ్యాకరణ విశేషాలు, అర్థ వివరణ, నానార్థాలు, సంబంధిత పదాలు, వ్యతిరేక పదాలు, పద ప్రయోగాలు, అనువాదాలు, మూలాలు. చట్రం మంచిదే. అయితే చాలా చోట్ల శీర్షికలు మాత్రమే ఉండి వాటి కింద ఏమీ ఉండదు. ఖాళీ శీర్షిక ‘ఇక్కడ ఏదో రాయాలి’ అని చెబుతున్నట్టే ఉంటుంది గాని, ఏ వర్గంలోకీ చేరదు, ఏ పట్టీలోనూ కనబడదు. పైగా ‘జడ్డిగం’ వంటి మాటకు వ్యతిరేక పదం ఉండదు. అక్కడి ఖాళీ ఎప్పటికీ నిండదు. నిండవలసిన ఖాళీకీ నిండనక్కరలేని ఖాళీకీ తేడా చూపకపోవడం ఈ పద్ధతిలోని పెద్ద లోపం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. నిర్వహణ మూస పాఠకుడికి ఏమవుతుంది? పనిచేసేవాడికి ఏమవుతుంది?
2. ‘బుడ్డలు’, ‘వేరుశెనగ’ పుటలను ఎందుకు విలీనం చేయకూడదు?

14.4 పేరులో తీర్పు

మన వ్యాకరణ సంప్రదాయం తెలుగు మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు తరగతులు చేసింది. మొదటి మూడు పేర్లూ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాయి. నాలుగోది మాటకు గౌరవం ఉందో లేదో చెబుతుంది. పుట్టుకను బట్టి పెట్టిన పేర్ల వరసలో ఒక తీర్పు వచ్చి కూర్చుంది. ఆ తీర్పు ఫలితం నిఘంటువుల మీద పడింది. సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్యాల్లోని మాటలకు పెద్దపీట వేసి జనం నోటి మాటలను పక్కన పెట్టిందని వ్యావహారిక భాషావాదులు, ముఖ్యంగా గిడుగు రామమూర్తి, విమర్శించారు. ‘గ్రామ్యం’ అనే చీటీని ఒక విధంగా అచ్చుకాలపు నిర్వహణ మూస అనుకోవచ్చు. ఆ చీటీ పడిన మాట బయటే నిలబడింది.

ఈ నేపథ్యంలో ‘శుద్ధి’ అనే మూస పేరును మళ్ళీ చూడండి. పెట్టినవారి ఉద్దేశం పుటను చక్కదిద్దమనే. శీర్షికల క్రమం తప్పింది, లంకెలు విరిగాయి, అంతే. కాని తెలుగులో ‘శుద్ధి’కి ఎదురుగా ఉన్న మాట ‘మైల’. సంగటి, ఊరిబిండి, ఉగ్గాని వంటి మాటల పుట మీద ‘శుద్ధి చేయాలి’ అన్న చీటీ కనబడితే చదువరి దాన్ని పుట అమరిక గురించి అనుకుంటాడా, మాట గురించి అనుకుంటాడా? ‘అమరిక సరిదిద్దాలి’ అంటే ఏ సందేహమూ ఉండదు.

‘తొలగించు’ అన్నది మరో రకం. అది నువ్వు అని పిలిచి ఇచ్చిన ఆజ్ఞ. ఎవరికి ఆజ్ఞ? నిర్వాహకుడికా, పుట రాసినవాడికా? చర్చ జరగాలా, జరిగిపోయిందా? మూస లోపలి పాఠం మర్యాదగానే ఉండవచ్చు. కాని మార్పుల చరిత్రలో, వర్గాల పట్టీలో కనబడేది మూస పేరే. మొదటిసారి ఒక మాట చేర్చిన విద్యార్థికి ఎదురయ్యేది ‘తొలగించు’ అయితే అతడు రెండో మాట చేర్చడానికి రాడు. ‘తొలగింపుపై చర్చ’ అంటే అదే పని జరుగుతుంది, తలుపు మూసినట్టు ఉండదు.

పేరు మారిస్తే చూపు మారుతుందనడానికి ఈ సీమే సాక్ష్యం. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన జిల్లాలకు ‘దత్తమండలాలు’ అన్న పేరు నిలిచిపోయింది. అది ఎవరో ఎవరికో ఇచ్చేసిన ఆస్తి అన్న పేరు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్న పేరు ప్రతిపాదించారు. నేల అదే, వానలు అంతే. కాని ఆ పేరుతో ఆ నేల మనుషులు తమను తాము ఒకరు ఇచ్చిన వస్తువుగా గాక ఒక చరిత్ర ఉన్నవారుగా చెప్పుకోగలిగారు. నిఘంటువులోని చీటీకి కూడా ఈ గుణపాఠమే వర్తిస్తుంది.

14.5 ఆధారం ఎవరిది?

మూసలన్నిటిలో బలమైనది ఆధారం అడిగే మూస. అది ఉండి తీరాలి. ఎందుకో ఒక ఉదాహరణ చాలు. 1934లో అచ్చయిన వెబ్‌స్టర్ అంతర్జాతీయ నిఘంటువు రెండో కూర్పులో ‘డోర్డ్’ అనే మాట సాంద్రత అన్న అర్థంతో చేరింది. అటువంటి మాట ఇంగ్లీషులో లేదు. పెద్ద డి గాని చిన్న డి గాని సాంద్రతకు సంకేతం అని రాసిన చీటీ సంక్షేపాల కట్టలోకి గాక మాటల కట్టలోకి పోవడంతో పుట్టిన దయ్యపు మాట అది. 1939లో సంపాదకులు గమనించేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. జీతం తీసుకునే సంపాదకుల మధ్యే ఇది జరిగితే, ఎవరైనా రాయగల నిఘంటువులో ‘ఈ మాట ఉందా?’ అని అడిగే ఏర్పాటు లేకపోతే ఎలా?

అయితే ఏది ఆధారం? పెద్ద భాషల విషయంలో ఇంగ్లీషు విక్షనరీ నియమం ప్రకారం ఒక మాట నిలవాలంటే ఏడాదికి పైగా వ్యవధిలో మూడు స్వతంత్రమైన రాత ప్రయోగాలు కావాలి. రాత తక్కువగా ఉన్న భాషలకు ఒక్కటి చాలు. అంటే రాత లేమిని మాట తప్పుగా లెక్కించకూడదని ఆ నియమం రాసినవారికీ తెలుసు. తెలుగులో చిక్కు భాషకూ భాషకూ మధ్య కాదు, ఒకే భాష లోపల ఉంది. కృష్ణా, గోదావరి ప్రాంతాల వాడుక నూరేళ్ళుగా పత్రికల్లో, కథల్లో, సినిమాల్లో అచ్చవుతూ వచ్చింది. మెట్ట సేద్యపు పనిముట్ల పేర్లు, నాపరాళ్ళ గనుల్లో వాడే మాటలు అంతగా అచ్చుకు ఎక్కలేదు. రెండింటికీ ఒకే గీటురాయి పెట్టి ‘మూలం లేదు’ అని చీటీ వేస్తే ఓడిపోయేది ఎవరో ముందే తెలుసు.

ఇందులో ఒక వింత ఉంది. తెలుగు విక్షనరీకి పెద్ద ఆధారాల్లో ఒకటి సి.పి. బ్రౌన్ నిఘంటువు. అందులోని వివరణలను ఎన్నో పుటల్లోకి ఎక్కించారు. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. తరవాత మళ్ళీ వచ్చి అక్కడ బంగళా కొని, పండితులను జీతాలకు పెట్టుకుని తాళపత్ర ప్రతులను పోల్చి చూపించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. 1852లో వెలువడిన ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో కావ్యాల మాటలతో పాటు కచేరీలో, అంగట్లో, ఇళ్ళల్లో విన్న మాటలూ ఉన్నాయి. అన్యభాషల నుంచి వచ్చి జనవ్యవహారంలో కలిసిన మాటలకు 1854లో విడిగా మరో నిఘంటువే వేశాడు. అంటే ఆనాడు జనం నోట విన్న మాట బ్రౌన్ చేత అచ్చయినందువల్ల ఈనాడు ‘మూలం’ అయింది. అదే ప్రాంతంలో ఈనాడు ఒక అవ్వ నోట విన్న మాటకు మాత్రం ‘మూలం లేదు’. బ్రౌన్ విన్నది సాక్ష్యమైతే, మనం విన్నది ఎందుకు కాకూడదు?

కాకూడదన్న నియమం ఏదీ లేదు, అయ్యే దారి కూడా తెలుగులోనే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. అందులో ఆధారం కావ్యం కాదు. ఊళ్ళకు వెళ్ళి, ఆ వృత్తి చేసేవారిని అడిగి, ఏ ప్రాంతంలో ఏ మాటో నమోదు చేశారు. ఎక్కడ విన్నారో చెప్పగలిగిన వినికిడి సాక్ష్యమే అని ఆ గ్రంథం స్థాపించింది. కాబట్టి మూసలు రెండు కావాలి. ‘రాత ఆధారం చూపాలి’ అన్నది ఒకటి. ‘ఏ ప్రాంతంలో విన్నారో చెప్పాలి’ అన్నది రెండోది. మొదటిది గ్రంథాలయానికి పంపుతుంది, రెండోది ఊరికి పంపుతుంది. ‘మూలం లేదు’ అన్నది ఎక్కడికీ పంపదు, వాకిట్లో నిలబెడుతుంది.

ఉగ్గానినే చూడండి. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి చేసే ఈ పలహారం పేరు వ్యుత్పత్తి ఏమిటి? కన్నడంలో తాలింపును ‘ఒగ్గరణె’ అంటారు. ఈ రెండు మాటలకూ సంబంధం ఉందా అన్నది పరిశీలించదగిన ప్రశ్న. ఈ పుటకు కావలసింది ‘వ్యుత్పత్తి తేల్చాలి’ అన్న చీటీ. దాన్ని చూసి బళ్ళారి వైపు చదువరి ఎవరైనా కలం పట్టవచ్చు. దాని బదులు ‘మూలం లేదు’ అంటే మాటకే దిక్కు లేదన్నట్టు ఉంటుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
1. ‘గ్రామ్యం’ అన్న పేరు మిగిలిన మూడు తరగతుల పేర్ల కంటే ఏ విధంగా భిన్నమైనది?
2. రాత ఆధారానికీ ప్రాంత సాక్ష్యానికీ వేరు వేరు మూసలు ఎందుకు కావాలి?

14.6 తెలుగులో పేరు పెట్టేటప్పుడు వచ్చే చిక్కులు

తెలుగు పేర్లు పెట్టాలన్నంత మాత్రాన పని అయిపోదు. మన భాషకు, మన లిపికి ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి.

(అ) రెండర్థాలు: నిర్వచనం లేని పుటకు ‘అర్థం కావాలి’ అని పేరు పెట్టామనుకోండి. వాడుకలో ఆ మాటకు ‘బోధపడాలి’ అన్న భావం కూడా ఉంది. ‘అర్థం రాయాలి’ అంటే ఆ తికమక ఉండదు. ‘మూలం’ కూడా ఇలాంటిదే. ఆధారగ్రంథమూ మూలమే, మాట పుట్టుకా మూలమే. నిఘంటువులో ఈ రెండూ వేరు వేరు అంగాలు కనుక ఒకదానికి ‘ఆధారం’, మరొకదానికి ‘వ్యుత్పత్తి’ అని స్థిరపరచుకోవాలి.

(ఆ) వర్ణక్రమం: ‘అర్థం’ అని రాయవలసిన చోట ‘అర్ధం’ అని రాయడం విద్యావంతుల్లోనూ ఉన్న పొరపాటు. రెండోదానికి సగం అని అర్థం. యంత్రానికి ఈ రెండూ వేరు పేర్లు. తప్పు పేరు రాస్తే మూస రాదు, ఎర్ర లింకు మిగులుతుంది. ‘కావాలి’, ‘కావలెను’, ‘అవసరం’ అన్న ముగింపులు ఎవరి అలవాటు వారివి. ఒక పేరును ప్రమాణంగా పెట్టుకుని మిగిలినవన్నీ దారిమార్పులు చేయడం దీనికి విరుగుడు.

(ఇ) కనబడని అక్షరం: పొల్లు తరవాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఉండాలని కీబోర్డులు ఒక అదృశ్య సంకేతాన్ని చేరుస్తాయి. ‘బ్రౌన్ నుంచి’ అన్న పేరులో పొల్లు తరవాత ఆ సంకేతం ఉన్నా లేకపోయినా కంటికి ఒకేలా ఉంటుంది. యంత్రానికి మాత్రం అవి రెండు పేర్లు. కాబట్టి మూస పేర్లలో పొల్లుతో ముగిసే మాటలను వీలైనంత తప్పించాలి.

(ఈ) మారే పేర్లు: ప్రాంతాన్ని సూచించే మూసకు జిల్లా పేరు పెట్టడం సులువుగా తోస్తుంది. కాని కడప జిల్లా 2010లో వై.ఎస్.ఆర్. జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి నంద్యాల, కడప నుంచి అన్నమయ్య జిల్లా విడివడ్డాయి. ‘కర్నూలు జిల్లా మాట’ అని చీటీ వేసిన బేతంచెర్ల మాట ఇప్పుడు ఏ జిల్లాది? జనం మాట్లాడే తీరు ప్రభుత్వ ఉత్తర్వుతో మారదు. మూస పేరులో ‘రాయలసీమ’ అని విశాలమైన పేరు ఉంచి, ఊరి పేరును మూస లోపల విడిగా నింపే గడిగా పెట్టుకోవాలి. ఊరు మారదు కనుక జిల్లాను తరవాత ఎప్పుడైనా లెక్క కట్టుకోవచ్చు.

14.7 నిర్వహణ: అతికించడం సగం పనే

పేరు ఎంత మంచిదైనా అతికించి వదిలేసిన చీటీ కొన్నాళ్ళకు గోడమీది పాత ప్రకటనలా అవుతుంది. ఎవరూ చదవరు. అందుకే మూసల నిర్వహణకు కొన్ని నియమాలు అవసరం.

1. ప్రతి నిర్వహణ మూసలో తేదీ, కారణం అనే రెండు గడులు ఉండాలి. తేదీ ఉంటే నెలవారీ వర్గాలు ఏర్పడి, అన్నిటికంటే పాతవి ముందు చూడవచ్చు. కారణం ఉంటే తరవాత వచ్చినవారు ఊహించుకోనక్కరలేదు.
2. ప్రతి మూసకు వివరణ పుట ఉండాలి: ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, ఏమి చేస్తే తీసేయవచ్చు. మూడోది లేని మూసను తీయడానికి ఎవరూ సాహసించరు.
3. మూసకు కొత్త పేరు పెడితే పాత పేరును దారిమార్పుగా ఉంచాలి. పాత పేరుకు కొత్త అర్థం ఇవ్వకూడదు. ఇస్తే పాత పుటలన్నీ అనని మాట అన్నట్టవుతాయి.
4. వాడకం లేని మూసను తొలగించే ముందు ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ చూడాలి.
5. బాట్ సాయంతో వేల పుటలు చేర్చినప్పుడు, లోటు ఉన్న అంగానికి మాత్రమే మూస వేయాలి. ఖాళీ శీర్షికలు వదలకూడదు.

ఈ ఐదింటిలో రెండోది ముఖ్యం. చీటీ ఎలా ఊడుతుందో చీటీలోనే ఉండాలి. అలా లేనిది పనుల పట్టీ కాదు, నేరాల పట్టీ.

14.8 ఆక్షేపణలు, సమాధానాలు

ఈ వాదానికి రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది: ఇంగ్లీషు పేర్లు ఉంచుకుంటే ఇంగ్లీషు విక్షనరీలో తయారైన మూసలను, ఉపకరణాలను నేరుగా తెచ్చుకోవచ్చు, పనిచేసేవారు పదిమందీ లేని చోట ఇది పెద్ద సాయం. ఇందులో నిజం ఉంది. దారిమార్పు ఉన్నందువల్ల రెండూ ఉంచుకోవచ్చు. యంత్రానికి పొడి అక్షరాల పేరు, మనిషికి తెలుగు పేరు. కాని పుట మీదా, వర్గంలోనూ కనబడేది తెలుగు పేరే కావాలి. పనిచేసేవారు తక్కువగా ఉన్నారన్నది కొత్తవారిని దూరం చేసే పేర్లు వద్దనడానికే మరో కారణం.

రెండోది: వినికిడిని ఒప్పుకుంటే ఎవరికి తోచిన మాట వారు చేరుస్తారు, ‘డోర్డ్’లు పుట్టుకొస్తాయి. ఈ భయం న్యాయమైనదే. అందుకే ప్రాంత సాక్ష్యం మూస గడువు లేని అనుమతి కాకూడదు. ఊరు, ఏ పనిలో వాడతారు, ఎప్పుడు విన్నారు అన్న మూడూ నింపాలి. మరో ఊరి నుంచి మరొకరు ధ్రువపరచాకే మూస తీయాలి. మాట చెప్పినవారి పేరు మాత్రం అడగనక్కరలేదు. ఇంతకంటే కట్టుదిట్టమైన పద్ధతి రావచ్చు. కాని ‘అచ్చులో లేదు కనుక లేదు’ అన్నది పద్ధతి కాదు, సోమరితనం.

ఇందులో కాలం కూడా ఒక కక్షిదారు. ట్రాక్టరు వెనక విత్తే యంత్రం వచ్చాక గొర్రు మూలపడింది. గొర్రుతో పాటు జడ్డిగమూ, దాన్ని పట్టుకుని సాలు తప్పకుండా విత్తిన చేతుల మాటలూ పోతున్నాయి. అచ్చు ఆధారం కోసం ఎదురుచూసే మాటకు పదేళ్ళ తరవాత చెప్పేవారే ఉండకపోవచ్చు.

14.9 సారాంశం

నిర్వహణ మూస సమష్టి నిఘంటువులో పాఠకుడికి హెచ్చరిక, కూర్పరికి పనుల పట్టీ. విజ్ఞాన సర్వస్వం వస్తువులది, నిఘంటువు మాటలది. కనుక ‘మొలక’, ‘విలీనం’ వంటి పేర్లు నిఘంటువుకు నేరుగా పనికిరావు. మంచి పేరు లోటు ఉన్న అంగాన్ని చెబుతుంది, చేయవలసిన పనిని చెబుతుంది, మాట మీద గాని మనిషి మీద గాని తీర్పు చెప్పదు. మంచి నిర్వహణలో తేదీ, కారణం, ముగింపు షరతు ఉంటాయి. రాత ఆధారాన్నీ ప్రాంత సాక్ష్యాన్నీ వేరుచేస్తే, అచ్చుకు దూరంగా ఉన్న రాయలసీమ మాటలకు నిఘంటువులో న్యాయమైన చోటు దొరుకుతుంది. ఈ పాఠం చదువుతున్న మీలో చాలామంది ఇళ్ళల్లో అలాంటి మాటలు ఇంకా బతికే ఉన్నాయి. వాటిని చేర్చడానికి పట్టా అక్కరలేదు. ఎక్కడ విన్నారో నిజాయతీగా రాస్తే చాలు.

14.10 కీలక పదాలు

ఆరోపం: నిఘంటువులో అర్థం చెప్పడానికి ఎత్తుకున్న మాట.
మూస: విడిగా రాసి ఉంచి అనేక పుటల్లో ప్రత్యక్షమయ్యేలా చేసే పాఠం.
దారిమార్పు: ఒక పేరు రాస్తే మరో పేరున్న పుటకు చేర్చే ఏర్పాటు.
వర్గం: ఒకే లక్షణం ఉన్న పుటల జాబితా.
దయ్యపు మాట: వాడుకలో లేకపోయినా పొరపాటున నిఘంటువుకెక్కిన మాట.

14.11 నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ముప్ఫై పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నిర్వహణ మూసల పేర్లు నిఘంటువు స్వరూపాన్ని ఎలా ప్రభావితం చేస్తాయో సోదాహరణంగా విమర్శించండి.
2. ‘బ్రౌన్ విన్నది సాక్ష్యమైతే, మనం విన్నది ఎందుకు కాకూడదు?’ చర్చించండి.

II. కింది ప్రశ్నలకు పది పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మూస పేర్లలో తెలుగు లిపి, వర్ణక్రమాల వల్ల వచ్చే చిక్కులను వివరించండి.
2. ఖాళీ శీర్షికల పద్ధతిలోని లోపమేమిటి?
3. మీ ఊళ్ళో మాత్రమే విన్న ఒక మాటను తీసుకుని, దాని పుటకు ఏ మూసలు అవసరమో కారణాలతో రాయండి.